ఉత్తరము – ఉత్తర్వు

(ఆంతరంగిక సందేశముల పరిశీలనకు సంబంధించిన చట్టములపై తెలుగు సంఘ సభ్యుల సమావేశమున చదివిన ప్రసంగము)



పోతనగారి భాగవతము నెరిగిన తెలుగువారికి అగ్నిద్యోతనుని పరిచయము చేయనక్కరలేదు. విదర్భ రాజపుత్రి రుక్మిణి తన మనసులోని మాటను ద్వారకలోనున్న శ్రీకృష్ణునకు తెలుపుటకై ఎన్నుకొన్న బ్రాహ్మణుడాతడు. సందేశమును మోసికొనిపోయి, అందవలసినవానికే అందజేసి, జవాబు తెచ్చినాడు. నడుమ ఎవ్వరికిని చెప్పలేదు. ఆమె అన్న రుక్మి శిశుపాలునితో వివాహము నిశ్చయించియున్నాడు. రాజకుమారుడు, అధికారము గలవాడు. నగర ద్వారమున ప్రతి సందేశమును విప్పి చూడవలెనని అతడొక శాసనము చేసియుండినచో, ఆ శాసనమునకు కారణముగా రాజకన్యల క్షేమమునే చెప్పియుండును. రుక్మిణీ కల్యాణము మాత్రము జరిగియుండెడిది కాదు.

ఈనాటి అగ్నిద్యోతనుడు ప్రతివాని చొక్కా జేబులోను ఉన్నాడు. ఢిల్లీలో ఉద్యోగము, గుంటూరులోనో వరంగల్లులోనో తల్లిదండ్రులు, డల్లాసులోనో సిడ్నీలోనో పిల్లలు. ఇట్టి కుటుంబములకు వాట్సాప్ వంటి సాధనములే పోస్టాఫీసు, ట్రంకుకాలు, తంతి అన్నియు. తంతి సేవ 2013 జూలైలోనే ముగిసినది. మనుమరాలి ఒంటిమీది పొక్కుల ఫొటో వైద్యునకు పోవునది దానిపైనే. పొలము పంపకములపై అన్నదమ్ముల వాదము సాగునదియు దానిపైనే. (ఆఫీసు కాగితములు కూడ దానిపై పోవుచున్నవని వినికిడి. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.) ఇట్టి సందేశములను, ఎవరిపైనను అనుమానము లేకయే, అందరివియు యంత్రముచే చదివింపవచ్చునా? ఈ ప్రశ్న కొన్నేండ్లుగా యూరపు చట్టసభలలో నలిగినది. మన దేశపు నియమములలోను దాని ఛాయ కలదు.

ఇతరుల ఉత్తరము విప్పి చూచుట కొత్త సంగతి కాదు. కౌటిల్యుడు చారులు సంజ్ఞాలిపులలో వార్తలు పంపవలెనని విధించెను. వాత్స్యాయనుడు 64 కళలలో రహస్యలేఖనమును మ్లేచ్ఛిత వికల్పమను పేర చేర్చెను. దొంగచాటుగా చదువువాడు లేనిదే దాచి వ్రాయువాడుండడు గదా. 1844లో ఇటలీ దేశభక్తుడు మాజినీ లండనులో ప్రవాసముండగా, తన ఉత్తరములను ఎవరో విప్పుచున్నారని అనుమానము కలిగినది. కవరులలో గసగసాలు, ఇసుక రేణువులు వేయించి పరీక్షించెను. ఉత్తరములు చేరినవి, గసగసాలు చేరలేదు. పార్లమెంటులో పెద్ద దుమారము రేగెను. హోం మంత్రి సర్ జేమ్స్ గ్రాహం, ఫిర్యాదు చేసినవారిలో ఒకరి విషయమున తాను వారంటు ఇచ్చిన మాట నిజమేనని ఒప్పుకొనవలసివచ్చెను. పోస్టాఫీసులోని రహస్య శాఖ ఆ ఏడాదియే మూతపడినది. ఆ వ్యవహారము ఎంత అప్రతిష్ఠకరమైనను, అందులో ఒక మనిషి పేరు, ఒక వారంటు, ఒక సంతకము ఉండెను. నిలవేసి అడుగుటకు ఒక మంత్రి దొరకెను.

మన దేశమున 1898 నాటి తపాలా చట్టములోని 26వ సెక్షను ఈ అధికారమును ప్రభుత్వమునకిచ్చెను. పబ్లిక్ ఎమర్జెన్సీ యున్నప్పుడు గాని, ప్రజల భద్రతకు, శాంతికి అవసరమైనప్పుడు గాని, వ్రాతమూలకమైన ఉత్తర్వుచే ఉత్తరమును ఆపవచ్చును. 1986లో ఈ అధికారమును విస్తరింపజేయు బిల్లునొకదానిని పార్లమెంటు ఉభయసభలును ఆమోదింపగా, రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకము చేయకుండ అట్టిపెట్టిరి. ఆ బిల్లు ఎన్నడును చట్టము కాలేదు. ఒక కవరును విప్పు విషయమై రాష్ట్రపతి కలమును ఆపిన దేశము మనది. 1898 చట్టము స్థానమున వచ్చిన 2023 తపాలా కార్యాలయ చట్టము 2024 జూన్ 18 నుండి అమలులోనికి వచ్చినది. దాని 9వ సెక్షనులో కారణముల పట్టిక పొడుగైనది: రాజ్యభద్రత, విదేశములతో మైత్రి, శాంతిభద్రతలు, ఎమర్జెన్సీ, ప్రజల భద్రత, ఇవికాక ఏ చట్టమును ఉల్లంఘించినను సరియే. తెల్లదొరల చట్టము కంటె స్వతంత్ర భారత చట్టము ఈ ఒక్క విషయమున విశాలముగా నుండుట విచిత్రమే.

టెలిఫోను విషయమున కథ కొంత మేలు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టములోని 5వ సెక్షను కింద ఫోనులు వినుట దశాబ్దములపాటు సాగినది. పద్ధతి మాత్రము ఎవ్వరును వ్రాసిపెట్టలేదు. పౌరహక్కుల సంస్థ పీ.యూ.సీ.ఎల్. వేసిన వ్యాజ్యములో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తానే వ్రాసెను. ఉత్తర్వు కేంద్రమున గాని రాష్ట్రమున గాని హోం కార్యదర్శియే ఇయ్యవలెను. అత్యవసరమైనచో జాయింటు సెక్రటరీకి తగ్గని హోదాగల అధికారికి ఆ పనిని అప్పగింపవచ్చును. ఆ సమాచారమును వేరు మార్గమున రాబట్టవచ్చునేమో ముందు ఆలోచింపవలెను. ఉత్తర్వు 2 నెలలకు చెల్లిపోవును. ఎంత పొడిగించినను మొత్తము 6 నెలలు దాటరాదు. కేంద్రమున కేబినెట్ కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, టెలికమ్యూనికేషన్ల కార్యదర్శి కూడిన సమీక్షా సంఘము దానిని పరిశీలింపవలెను. 2007లో ఇవియే 419-ఎ నియమముగా వెలసినవి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము కింద 2024 డిసెంబరులో వచ్చిన నియమములలోను స్థూలముగా ఈ చట్రమే నిలిచినది.

సచివాలయములలో పనిచేయువారికి దీని అర్థము వివరింపనక్కరలేదు. ఫైలు ఒకటి పుట్టవలెను. ఎవరో ఒకరు నోటు వ్రాయవలెను. కారణమును అక్షరములలో పెట్టవలెను. కింద సంతకము, తేదీ వేయవలెను. రేపు ఎవరైన అడిగినచో ఏమి చెప్పుదునని సంతకము పెట్టు చేయి ఒక నిమిషము ఆగును. పౌరునకు దొరకిన రక్షణలో పెద్దభాగము ఆ నిమిషములోనే ఉన్నది.

ఆ రక్షణ చాలినంత గలదని చెప్పుట సత్యము కాదు. ముందుగా న్యాయమూర్తి అనుమతి తీసికొనవలెనను నిబంధనను 1996 తీర్పు పెట్టలేదు. 2018లో జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ అధ్యక్షతన నివేదిక ఇచ్చిన సంఘము ఒక లెక్క వ్రాసినది. రెండు నెలలకొకసారి కూడు సమీక్షా సంఘము ప్రతి సమావేశమునను 15,000 నుండి 18,000 ఉత్తర్వులను చూడవలసియున్నదట. ఒక్క కూర్చుండుటలో అన్ని ఫైళ్లు చూడగల అధికారి ఏ శాఖలోను ఇంతవరకు పుట్టలేదు. 2024లో తెలంగాణమున ఫోనులు అక్రమముగా వినిరను ఆరోపణలపై పోలీసులు కేసు పెట్టుట సభ్యులెల్లరు పత్రికలలో చదివినదే. అందలి నిజానిజములు న్యాయస్థానము తేల్చవలసినవి. అయినను, అక్రమమని అనుటకైనను ఒక క్రమము వ్రాసియుండవలెను గదా.

ఇక అసలు విషయము. 1976లో అమెరికాలో డిఫీ, హెల్మన్ అను ఇద్దరు పండితులొక గణితమార్గమును ప్రకటించిరి. ఎన్నడును కలిసికొనని ఇద్దరు వ్యక్తులు, పదిమంది వినుచుండగనే, తమ ఇద్దరికి మాత్రమే తెలిసిన తాళపుచెవిని దానితో కుదుర్చుకొనవచ్చును. ఆ విద్య పెరిగి పెరిగి, 2016 ఏప్రిల్ నాటికి వాట్సాప్ సందేశములన్నిటికిని చేరినది. పంపువాని ఫోనులో పడిన తాళము అందుకొనువాని ఫోనులోనే ఊడును. నడుమ మోయు కంపెనీకి తాళపుచెవి లేదు. హోం కార్యదర్శి ఉత్తర్వు చూపినను కంపెనీ ఇయ్యగలిగినది కవరు మీది చిరునామా, ముద్రల వంటి వివరములే: ఎవరు, ఎవరికి, ఎప్పుడు. లోపలి మాట దానికిని తెలియదు.

దారిలో విప్పలేని ఉత్తరమును చదువుటకు ఒక్కటే ఉపాయము: కవరులో పెట్టకముందే చదువుట. సందేశములను స్కాను చేయుటయనగా ఇదియే. ఫోనులోనే ఒక కార్యక్రమమును కూర్చుండబెట్టుదురు. ఫొటో పంపబోవునప్పుడు, తాళము పడుటకు ముందే, అది ఆ ఫొటోనుండి ఒక అంకెల గుర్తును తీయును. మన వ్రేలిముద్ర వంటిది ఆ గుర్తు. పోలీసుల యొద్దనున్న నిషిద్ధ చిత్రముల గుర్తులతో దానిని పోల్చును. కలిసినచో నివేదిక పంపును. ఇది తెలిసిన చిత్రముల మాట. ఎన్నడును చూడని చిత్రమును చూచి ఇది నేరమేయని ఊహించుట, సంభాషణను చదివి పెద్దవాడెవడో పసిబిడ్డను వలలో వేసికొనుచున్నాడని పసిగట్టుట, ఇవి రెండవ మెట్టు. అక్కడ యంత్రము పోల్చుట మాని ఊహించుట మొదలుపెట్టును.

ఈ ఆలోచన దుర్మార్గుల తలలో పుట్టినది కాదు. పసిపిల్లలపై జరుగు అత్యాచారముల చిత్రములు వ్యాపించుచున్న తీరు వినినచో ఎవ్వరికైనను రక్తము మరగును. అమెరికాలో తప్పిపోయిన బాలలకై నెలకొన్న జాతీయ కేంద్రమునకు 2023లో ఇట్టి నివేదికలు 3 కోట్ల 60 లక్షలకు పైగా చేరినవి. వానిలో అత్యధిక భాగము కంపెనీలు తమ యంత్రములచే కనిపెట్టి పంపినవే. ఆ ఏడాది డిసెంబరులో ఫేస్‌బుక్ తన మెసెంజరుకు కూడ పూర్తి తాళము వేయ మొదలిడినప్పుడు, ఇక ఈ బిడ్డలను వెదకుట ఎట్లని పోలీసులు, బాలల సంరక్షకులు ఆందోళనపడిరి. ఆ ఆందోళనను తేలికగా తీసివేయువారు ఆ ఫైళ్లలో ఒక్కటియు చదివియుండరు.

యూరపు సమాఖ్య 2021లో ఒక తాత్కాలిక శాసనము చేసినది. సందేశముల గోప్యతను కాపాడు 2002 నాటి నిబంధనలనుండి సడలింపునిచ్చి, కంపెనీలు ఇష్టపూర్వకముగా స్కాను చేయవచ్చునని దాని సారము. 2024 ఆగస్టుతో ముగియవలసిన ఆ సడలింపును 2026 ఏప్రిల్ 3 వరకు పొడిగించిరి. 2022 మే 11న యూరపు కమిషను అంతకు మించిన ప్రతిపాదనను తెచ్చెను: ఉత్తర్వు వచ్చినచో కంపెనీ స్కాను చేసియే తీరవలెను, సందేశములకు తాళము వేయు కంపెనీలకును మినహాయింపు లేదు. ఉత్తర్వు వ్యక్తిపై కాదు, సేవపై. అనగా ఆ సేవను వాడు కోట్లాది జనులందరిపైన. 2023 నవంబరులో యూరపు పార్లమెంటు తాళము వేసిన సందేశముల జోలికి పోరాదనియు, అనుమానమునకు ఆధారమున్నవారినే చూడవలెననియు నిలిచినది. సభ్యరాజ్యముల మండలిలో ఒక దేశము వెంట ఒక దేశము అధ్యక్షత వహించి రాజీ ప్రయత్నములు చేసి విఫలమైనవి. 2025లో జర్మనీ సమ్మతింపమని చెప్పిన పిదప, నవంబరులో ఆ మండలి నిర్బంధ స్కానింగును విడిచి, ఇష్టపూర్వక విధానమునే శాశ్వతము చేయవలెనని తీర్మానించెను. బ్రిటను 2023లో చేసిన ఆన్‌లైన్ భద్రతా చట్టములోని 121వ సెక్షను నియంత్రణ సంస్థకు ఇట్టి అధికారమునిచ్చినది. సాంకేతికముగా సాధ్యమైన నాడే దానిని వాడుదుమని మంత్రులు సభలో చెప్పిరి. అసాధ్యమైన అధికారమును చట్టములో ఉంచుకొనుట ఏమి ముచ్చటయో తెలియదు. అమెరికాలో ఆపిల్ కంపెనీ 2021 ఆగస్టులో తానే ముందుకు వచ్చి ఫోనులోనే పోల్చు పద్ధతిని ప్రకటించి, విమర్శలు రాగా నెల తిరుగకుండనే ఆపి, 2022 డిసెంబరులో విడిచిపెట్టినది.

పొరపాటు జరిగినచో ఏమగునో తెలియుటకు శాన్‌ఫ్రాన్సిస్కోలో 2021 ఫిబ్రవరిలో జరిగిన సంగతి చాలును. అది సందేశము విషయము కాదు, కంపెనీ యొద్ద దాచిన ఫొటో విషయము; అయినను యంత్రము పద్ధతి ఒక్కటియే. ఒక తండ్రికి చిన్న కొడుకున్నాడు. బిడ్డకు మర్మస్థానమున వాపు వచ్చినది. అది కోవిడ్ కాలము. వైద్యుడు వీడియోలో చూచుటకు ముందు ఫొటోలు పంపవలెనని నర్సు కోరినది. తీసి పంపిరి. మందు ఇచ్చిరి, బిడ్డకు నయమైనది. ఆ ఫొటోలు తమంత తామే గూగుల్ నిల్వలోనికి పోయినవి. రెండు దినములకు యంత్రము దానిని నేరముగా గుర్తించి, ఆ తండ్రి ఖాతాను మూసివేసెను. ఆయన మెయిలు పోయినది, ఫోను నంబరు పోయినది, కొడుకు పుట్టినది మొదలు తీసిన ఫొటోలు పోయినవి. పోలీసులు పరిశోధించి నేరమేమియు లేదని కేసు మూసిరి. ఆ మాట చెప్పుటకు ఫోను చేసినచో ఆ నంబరు పనిచేయలేదట! కంపెనీ మాత్రము ఖాతాను తిరిగి ఇయ్యలేదు. 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీనిని ప్రచురించినది.

ఇక్కడ నోటు వ్రాసినవారెవరు? సంతకము పెట్టినవారెవరు? యంత్రము గుర్తించినది, ఉద్యోగి ఒకడు చూచినాడు, మీట నొక్కినాడు. అప్పీలు వినుటకు సమీక్షా సంఘము లేదు. ఇది అరుదైన పొరపాటని అనవచ్చును. ఒక దేశమున దినమునకు 10 కోట్ల ఫొటోలు చేతులు మారుననుకొందము. యంత్రము వేయింటికి ఒక్కటి మాత్రమే పొరబడుననుకొందము. దినమునకు లక్ష నిర్దోషపు ఫొటోలు అనుమానపు పెట్టెలో పడును. ఆ లక్షలో నిజమైన దోషులను వెదకు పోలీసు ఉద్యోగి ఏ బిడ్డను సమయమునకు రక్షింపగలడు? పసిబిడ్డ స్నానము ఫొటో అమ్మమ్మకు పంపుట మన ఇండ్లలో ఎంత సహజమో తల్లులకు చెప్పనక్కరలేదు.

మన దేశమున ఈ చర్చ వేరొక వైపునుండి వచ్చినది. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారని సందేశములు వ్యాపించి, అనేక రాష్ట్రములలో జనులు అమాయకులను కొట్టి చంపిరి. బీదరు జిల్లాలో ఆ జూలైలో ప్రాణము కోల్పోయినవాడు హైదరాబాదు యువకుడే. వాట్సాప్ ఆ నెలలోనే మన దేశమున ఒక సందేశమును ఒక్కసారి 5 గురికి మించి ముందుకు పంపరాదని హద్దు పెట్టినది. ఒక్క మాటను చదువకయే చేయగలిగిన పని అది. ప్రభుత్వము మాత్రము మొదట వ్రాసినవాడెవడో చెప్పవలెనని కోరినది. 2021 ఫిబ్రవరి 25 నాటి సమాచార సాంకేతిక నియమములలో 4(2) నియమముగా అది వచ్చినది. 50 లక్షలకు మించి వాడుకదార్లున్న సందేశ సంస్థలు, కోర్టు గాని, అధికారముగల అధికారి గాని ఉత్తర్వు ఇచ్చినచో, దేశములో ఆ సందేశమునకు మూలపురుషుని గుర్తింపగలిగియుండవలెను. సందేశములోని విషయమును చెప్పనక్కరలేదని నియమములోనే కలదు. కాని రేపు ఏ సందేశమునకు మూలము కావలసివచ్చునో నేడు తెలియదు. కావున అన్ని సందేశముల జాడలను ముందే ఉంచుకొనవలెను. ఉత్తర్వు ఒక్కనిపైననే, ఏర్పాటు మాత్రము అందరిపైన. వాట్సాప్ 2021 మేలో దీనిపై ఢిల్లీ హైకోర్టుకెక్కినది. 2024 ఏప్రిల్‌లో ఆ కంపెనీ న్యాయవాది, తాళము విరుగగొట్టుమన్నచో తాము ఈ దేశమును విడిచిపోవలసివచ్చునని కోర్టులో పలికెను. వ్యాపారి బెదిరింపునకు లొంగి చట్టము చేయరాదు. బెదిరింపుపై కోపముతోను చేయరాదు.

అంతగా ఎవరి కంటబడనిది 4(4) నియమము. అత్యాచారమును, పసిపిల్లలపై లైంగిక హింసను చూపు చిత్రములను యంత్రముల సాయమున ముందుగానే గుర్తింపజేయు సాధనములను పెద్ద సంస్థలు నెలకొల్ప ప్రయత్నింపవలెనని అందు కలదు. వాక్స్వాతంత్ర్యమునకు, ఆంతరంగికతకు భంగము మితిమీరరాదనియు, మనుష్యులు పర్యవేక్షింపవలెననియు కూడ అందే వ్రాసినారు. ప్రయత్నింపవలెనను మాటకు ఎంత సాగుడు గుణమున్నదో నియమములు వ్రాయువారికి, చదువువారికి తెలిసినదే. యూరపు మండలి విడిచిన నిర్బంధము ఆ ఒక్క మాటలో ఇముడగలదు.

ఇట్టి నియమములను తూచుటకు తూనికరాయి మనకున్నది. దానిని మొదట చెక్కినవారిలో ఒకరు తెలుగువారు. 1962 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఖరక్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చినది. ఉత్తరప్రదేశమున పోలీసులు రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టుటను కోర్టు కొట్టివేసినది. వెంట తిరిగి కనిపెట్టుటను మాత్రము అధికసంఖ్యాక న్యాయమూర్తులు తప్పుపట్టలేదు. జస్టిస్ కోకా సుబ్బారావుగారు జస్టిస్ షాతో కలిసి భిన్నాభిప్రాయము వ్రాసిరి. ఆంతరంగికత వ్యక్తి స్వాతంత్ర్యములో విడదీయరాని అంగమని, కనిపెట్టియున్నారను భయమే మనిషిని బంధించునని వారి భావము. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి వ్రాసిన ఆ మాట 55 ఏండ్లు అల్పసంఖ్యాక అభిప్రాయముగానే గ్రంథములలో ఉండెను. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆంతరంగికత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినప్పుడు, సుబ్బారావుగారి మాటయే నిలిచినది. దానిని తగ్గింపవలెనన్నచో చట్టముండవలెను, న్యాయమైన ప్రయోజనముండవలెను, ప్రయోజనమునకు తగినంత మాత్రమే జోక్యముండవలెను.

ఇక్కడ చిక్కు మూడవదానితోనే. పసిబిడ్డల రక్షణకంటె న్యాయమైన ప్రయోజనమేది? కాని దానికై ఒక్కని పేరున ఉత్తర్వు అడుగుట వేరు. ఆధారముతో వాని ఫోనునే స్వాధీనము చేసికొనుట వేరు. దోషులు గుమిగూడు గుంపులలో పోలీసులు మారుపేరుతో చేరుట వేరు. ఇవి కష్టమైన పనులు. మనుష్యులు కావలెను, శిక్షణ కావలెను, జిల్లా సైబరు ఠాణాలో కూర్చుండుటకు కుర్చీ కావలెను. అందరి సందేశములను యంత్రమునకు అప్పగించుట చౌక. ఆ చౌకదనమే దానికి ఇంతమంది మంత్రులలో ఇంత ఆదరము తెచ్చినది.

చివరకు సభ్యుల ఇండ్లకు పనికివచ్చు ఒక మాట. వాట్సాప్ సందేశమునకు దారిలో తాళమున్నను, ఫోను పోయినప్పుడు తిరిగి పొందుటకై గూగుల్, ఆపిల్ నిల్వలలో దాచు ప్రతికి తమంత తాముగా ఆ తాళముండదు. ఆ ప్రతికిని తాళము వేసికొను వసతి 2021 అక్టోబరునుండి కలదు. సెట్టింగులలో చాట్ బ్యాకప్ అను చోట దానిని తెరచుకొనవచ్చును. అప్పుడు ఎన్నుకొన్న సంకేతపదమును మరచినచో కంపెనీయు తెరువజాలదు. కావున దానిని కాగితముపై వ్రాసి, బ్యాంకు పుస్తకములుండు బీరువాలో పెట్టుట మేలు.